మంచినీళ్ళ మాస్టారి ఎనభై నాలుగు

మా మాస్టారిని మొదటి ఆరు నెలలూ తిట్టుకోని రోజు లేదు. పైకి కాదు, లోలోపల. పైకి తిడితే ఉద్యోగం ఊడుతుందని ఆగాను గానీ, లేకపోతే ఆ ముచ్చటా తీర్చుకునేదాన్నే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే" అని మా అమ్మ చిన్నప్పటి నుంచీ చెప్పి చెప్పి అలిసిపోయింది. నోరు మారలేదు. ఇవాళ ఆ నోటితోనే అన్నం తింటున్నాను. అదెలాగో చెప్పాలంటే మాస్టారి సంగతి చెప్పాలి.

ఆయన మా ఫైర్ స్టేషన్‌లో జట్టు నాయకుడు. వెనక మైదానంలో కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణ ఇచ్చేదీ ఆయనే. పొట్టి మనిషి, బట్టతల, గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. అందరూ మంచినీళ్ళ మాస్టారు అంటారు. మంట ఆరనీ ఆరకపోనీ, లోపలికెళ్ళి బయటికొచ్చిన ప్రతి మనిషినీ రోడ్డు పక్కన కూర్చోబెట్టి, కోటు విప్పించి, రెండు గ్లాసుల నీళ్ళు తాగించి, మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టి రిజిస్టర్లో రాసేవారు. పది నిమిషాలు కూర్చున్నాక కూడా నిమిషానికి నూట ఇరవై దాటి కొట్టుకుంటుంటే ఆ మనిషికి ఆ రోజు మళ్ళీ లోపలికెళ్ళే భాగ్యం లేదు. "మంటకి నీళ్ళు పోసేవాడికి నీళ్ళెవరు పోస్తారురా?" అనేవారు. పక్క స్టేషన్ వాళ్ళు మమ్మల్ని ఏడిపించేవాళ్ళు. "మీ మాస్టారు మంట ఆర్పడానికొచ్చారా, చెయ్యి చూసి జాతకం చెప్పడానికొచ్చారా?" అని. ఆయన నవ్వి, వాళ్ళ చేతులు కూడా పట్టుకుని లెక్కపెట్టేవారు.

నా కోపమంతా పలక గురించి. పొగలోకి వెళ్ళేవాళ్ళు వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్కు తగిలించుకుని ఇద్దరిద్దరుగా వెళ్తారు. ఒక్కొక్కరి సిలిండర్‌కీ ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. గుమ్మం దాటే ముందు ఆ బిళ్ళ ఊడదీసి, బయట పలక పట్టుకుని నిలబడ్డ మనిషి చేతికివ్వాలి. ఆ మనిషి దాన్ని పలకకు తగిలించి, ఎన్ని గంటలకు వెళ్ళారో, సిలిండర్లో గాలి ఎంతుందో రాసి, ఎప్పటికి బయటికి రావాలో లెక్కగట్టాలి. పలక మీద బిళ్ళ లేనివాడు గడప దాటకూడదు. పలక పట్టుకున్న మనిషి అక్కణ్ణుంచి కదలకూడదు. ఆ కదలకూడని మనిషిగా ఆయన నన్ను నిలబెట్టారు. శిక్షణలో నిచ్చెన ఎక్కడంలో, నీళ్ళ గొట్టం లాగడంలో నేను నలుగురు మగాళ్ళను ఓడించిన మనిషిని. అలాంటిది అందరూ మసి ముఖాలతో బయటికొస్తుంటే నేనొక్కదాన్నే కడిగిన ముఖంతో పెన్ను పట్టుకుని నిలబడేదాన్ని. ఒళ్ళు మండిపోయేది.

ఒకరోజు అడిగేశాను. "మాస్టారూ, ఆడదాన్నని కదా నన్నిక్కడ పాతిపెట్టారు?"

ఆయన తడిసిన గొట్టాలు ఎండలో పరుస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు. "కాదమ్మాయ్. నీకు నోరుందని."

"అంటే?"

"లోపలికెళ్ళేవాడికి ధైర్యం ఉంటే చాలు. పలక దగ్గరున్నవాళ్ళు వాణ్ణి చాల్లే బయటికి రా అనాలి. వాడు తిడతాడు. పడాలి. పెద్దాఫీసరొచ్చి తప్పుకో నేనెళ్తానంటాడు. ఆయన్నీ కాదనాలి. మనవాళ్ళలో సగంమందికి పెద్దవాళ్ళ ముందు నాలుక లేవదు. నీకా జబ్బు లేదుగా!"

"మిమ్మల్ని కూడా కాదనొచ్చా?"

"నన్నే ముందు కాదనాలి. పలక దగ్గర ఎవరుంటే వాళ్ళదే ఆఖరి మాట."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అనుకుని, మూతి ముడుచుకుని వచ్చేశాను. తర్వాత ఒక వానాకాలం మధ్యాహ్నం, పిలుపులేవీ లేక ఖాళీగా ఉంటే, తడిసి చీకిపోతున్న పాత నాడి రిజిస్టర్లు కొత్త పుస్తకంలోకి ఎక్కించే పని నాకు పడింది. ఆరేళ్ళవి. తొంభై ఆరు, నూట పది, నూట ఇరవై ఎనిమిది, ఒక్కొక్కరిదీ ఒక్కో అంకె. మాస్టారిది మాత్రం ఎనభై నాలుగు. నూనె గోదాం తగలబడ్డ రోజూ ఎనభై నాలుగే, చెత్తకుప్ప అంటుకున్న రోజూ ఎనభై నాలుగే. అప్పుడు తట్టింది, ఆయన చెయ్యి పట్టుకున్నవాళ్ళను నేనెప్పుడూ చూడలేదు. అందరివీ అయ్యాక తన వరుస తనే నింపుకుని పుస్తకం మూసేవారు.

పుస్తకం పట్టుకెళ్ళి డ్రైవర్ బాబాయికి చూపించాను. మాస్టారితో ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్న మనిషి ఆయన.

"నీకివాళ తెలిసిందా?" అన్నాడు బాబాయి. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందట. అలా ఉంది ఈయన వరస. నిచ్చెన దిగగానే పక్కకెళ్ళి, బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగుతాడు, చూశావా ఎప్పుడైనా?"

"చూశాను. అయితే?"

"మన బూట్లకి తాళ్ళెక్కడివే పిచ్చిదానా!"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వు ఆగాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. రేపు అడుగుతాను, ఎల్లుండి అడుగుతాను అనుకుంటూ పది రోజులు గడిపాను. అంత నోరున్నదాన్ని, ఆ ఒక్క మాట అడగలేకపోయాను.

పదకొండో రోజు పొద్దున పదకొండింటికి పరుపుల దుకాణం అంటుకుంది. కింద దుకాణం, పైన సరుకు దాచే అటక గది. పరుపుల స్పాంజి కాలితే వచ్చే పొగ మామూలు పొగ కాదు, నల్లగా చిక్కగా గొంతు పట్టేస్తుంది. దుకాణం యజమాని నెత్తి బాదుకుంటున్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. అలాంటివాడొకడు నా దగ్గరికొచ్చి, "ఎంతసేపు పడుతుందమ్మా? నా స్కూటరు లోపల గోడ పక్కనుంది" అన్నాడు. వాడికి నేనిచ్చిన జవాబు ఇక్కడ రాయను.

మాస్టారు, పొడుగు మొదట వెళ్ళారు. పొడుగంటే మా జట్టులో అందరికన్నా ఎత్తైనవాడు, గుమ్మాలకు తల కొట్టుకునేవాడు. పద్దెనిమిది నిమిషాలకు బయటికొచ్చారు. వాళ్ళ బిళ్ళలు వాళ్ళకిచ్చేసి, రెండో జంటను పంపాను. మాస్టారు కూర్చుని ఇంకా మూడు నిమిషాలు కాలేదు. యజమాని పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యా, మా వాచ్‌మన్ కనపడటం లేదు! డ్యూటీ దిగి పైన అటక గదిలో పడుకుంటాడు!"

లోపలున్న జంట కింద మంటతోనే సతమతమవుతోంది. మాస్టారు లేచారు, కొత్త సిలిండర్ తగిలించుకున్నారు, నా దగ్గరికొచ్చి బిళ్ళ చాపారు. "ఎనభై నాలుగు రాసుకో. నేనూ పొడుగూ పైకెళ్తున్నాం."

ఆ మాటంటూనే వంగారు. బూటు తాడు కట్టుకోవడానికి.

చాపిన బిళ్ళతో పాటు ఆ చెయ్యి కూడా పట్టేసుకున్నాను. నాడి నాలుగు దెబ్బలు గబగబా కొట్టుకుంది. ఆగింది. మళ్ళీ పరుగెత్తింది. లెక్కకు అందితే కదా! ముఖం చూస్తే బూడిద రంగులో ఉంది.

"మాస్టారూ, మీరు వెళ్ళడానికి వీల్లేదు."

"పైన మనిషున్నాడమ్మాయ్!"

"పొడుగూ కొత్తామే వెళ్తారు."

కొత్తామె కిందటి నెలే ఆయన దగ్గర శిక్షణ ముగించుకుని వచ్చింది. అప్పటికే మాస్కు బిగించుకుని నా వెనక నిలబడి ఉంది. మాస్టారి గొంతు పెరగడం ఆ రోజే విన్నాను. "దానికిది మొదటి మంట! నా బిళ్ళ తగిలించు. ఇది ఆర్డర్!"

పైనున్నవాడు చచ్చిపోతే ఆ పాపం జన్మంతా నా మెడకే. ఈయన లోపల కూలిపోతే అదీ నా మెడకే. ఏం చేసినా తప్పేలా ఉంది. కానీ చేతిలో ఉన్న నాడి అబద్ధం చెప్పడం లేదు. ఆయన బిళ్ళ తీసి నా ప్యాంటు జేబులో వేసుకున్నాను.

"దానికి నేర్పింది ఎవరు? మీరేగా!" వీధంతా వినపడేలా అరిచాను. "మీరు నేర్పినదాని మీద మీకే నమ్మకం లేకపోతే మాకెందుకు నేర్పారు? పలక దగ్గర ఎవరుంటే వాళ్ళదే ఆఖరి మాట. ఎవరన్నారీ మాట? చెప్పండి!"

ఆయన నా కళ్ళలోకి చూశారు. ఆ చూపులో ఎంత కోపమో! తర్వాత రోడ్డు పక్కన, రోజూ మమ్మల్ని కూర్చోబెట్టే చోటే, కూలబడ్డారు. బాబాయి అంబులెన్సుకు కబురు చేశాడు. నేను పొడుగు నాడి చూసి, నూట పది దాటలేదని తేలాక, కొత్తామె బిళ్ళ, పొడుగు బిళ్ళ తగిలించి, టైము రాశాను.

ఆరు నిమిషాలకు వాకీటాకీలో కొత్తామె గొంతు. "పైన ఎవరూ లేరు. మంచం ఖాళీ. అంతా వెతికాం."

అదే సమయానికి జనంలోంచి టీ గ్లాసు పట్టుకుని ఒకాయన ముందుకొచ్చాడు. "ఎవరి కోసమమ్మా వెతుకుతున్నారు?"

"వాచ్‌మన్ కోసం."

"నేనేగా! టీ తాగొద్దామని వెళ్ళాను. వచ్చేసరికి ఇదీ వరస. ఆర్పేదాకా చూద్దామని నిలబడ్డాను."

ఆ గ్లాసు లాక్కుని వాడి నెత్తిన బోర్లించాలనిపించింది. మరుక్షణమే రోడ్డు పక్కన కూలబడ్డ మాస్టారి వైపు చూశాను. లేని మనిషి కోసం ఉన్న మనిషి పోయేవాడు.

ఆసుపత్రిలో గుండె నాళాలు రెండు పూడుకుపోయాయన్నారు. అంత బరువు వీపున వేసుకుని ఇంకొక్కసారి మెట్లెక్కి ఉంటే మనిషి దక్కేవాడు కాడని డాక్టరు అన్నాడట. ఆ మాట బాబాయి చెబుతుంటే స్నానాల గదిలోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చాను. తర్వాత ఇంకో కాగితం వచ్చింది. ఆయన ఇక మంటల్లోకి వెళ్ళకూడదని. ముప్పై ఏళ్ళ పనిని నా జేబులో వేసుకున్నట్టయింది.

రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. రెండుసార్లూ ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. నిద్ర కాదు, నాకు తెలుసు. ఊపిరి చూసి నిద్రో నటనో చెప్పడం ఆయన నేర్పిందే. రెండోసారి వచ్చేస్తుంటే ఆయన భార్య, నేను పిన్ని అని పిలుస్తాను, గుమ్మం దాకా వచ్చింది.

"పిన్నీ, నా మీద పగబట్టారు" అన్నాను.

"ఒంట్లో ఎలా ఉందని నేనెప్పుడడిగినా, నాకేంటే ఎనభై నాలుగు అనేవారు. తెలిసి కూడా కాదనలేకపోయాను. నువ్వన్నావు." నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "అలగనీవే తల్లీ. అలగడానికి మనిషున్నాడుగా!"

మూడు నెలల తర్వాత ఆయన శిక్షణ పనికి మాత్రం తిరిగొచ్చారు. మైదానంలో కొత్త బ్యాచ్ పన్నెండు మంది వరుసగా నిలబడ్డారు. మాస్టారు చిక్కిపోయారు, చొక్కా వదులైంది. నేను దూరంగా షెడ్డు దగ్గర సిలిండర్లు తుడుస్తున్నట్టు నటిస్తున్నాను.

"అమ్మాయ్! పలక తీసుకురా."

వెళ్ళాను. ఆయన బిళ్ళ మూడు నెలలుగా నా జేబులోనే ఉంది. తీసి చాపాను. ఆయన దాన్ని తీసుకోలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టు చాపారు.

"లెక్కపెట్టు."

నిమిషం పూర్తిగా లెక్కపెట్టాను. వరస తప్పకుండా కొట్టుకుంటోంది, కాస్త తొందరగా.

"ఎంత?"

"నూట నాలుగు."

"రాయి." ఆయన పిల్లల వైపు తిరిగారు. "ఆరేళ్ళు దొంగలెక్క రాశాను నేను. మొదటిసారి నిజంగానే ఎనభై నాలుగు. ఆ తర్వాత, నాయకుడు అలిసిపోయాడని తెలిస్తే జట్టు బెదిరిపోతుందని అదే రాస్తూ వచ్చాను. బుద్ధి తక్కువ పని. ఈవిడ నన్ను ఆపింది కాబట్టి ఇవాళ మీ ముందున్నాను. పలక పని ఈవిడే నేర్పుతుంది మీకు. నోరు పెద్దది, జాగ్రత్త."

పిల్లలు నవ్వారు. నేను తల దించుకుని పలక మీద రాస్తున్నాను, అంకె మసకగా కనపడుతోంది. ఈ నోటిని ఇంట్లో బడిలో అందరూ మూయించాలనే చూశారు. దానికి పని చూపించింది ఈయనొక్కరే. ఆ మాట చెబుదామనుకున్నాను. తల ఎత్తేలోపే ఆయన నా పక్కకొచ్చారు.

ఆయన నాకు మాత్రమే వినపడేలా అన్నారు. "నూట నాలుగెందుకో తెలుసా? నీతో మాట్లాడి మూడు నెలలైంది. ఏమంటావోనని పొద్దున్నుంచీ దడగా ఉంది."

బల్ల మీది కూజాలోంచి నీళ్ళు వంపి ఆయన చేతికిచ్చాను.

"ముందు తాగండి మాస్టారూ. రెండు గ్లాసులు."

ఆయన మారు మాట్లాడకుండా కూర్చుని తాగారు. ఖాళీ గ్లాసు రెండోసారి నింపమని నా వైపు చాపారు.