పత్తి ఊళ్ళో సముద్రం

మొన్న ఆదివారం కరీంనగర్‌లో మా అమ్మాయి ఇంట్లో, ఏడో తరగతి చదువుతున్న మనవరాలు ట్యాబు ఒళ్ళో పెట్టుకుని, సముద్రం అడుగున ఒక చిన్న జలాంతర్గామిని నడుపుతూ, రాళ్ళకు తగలకుండా ఒడుపుగా తప్పిస్తూ, కనిపించిన ప్రతి జీవినీ ఫొటో తీసి దాని పేరు పైకి చదువుకుంటూ ఉండగా, మా అల్లుడు వచ్చి ఆ ట్యాబు మెల్లగా అందుకుని ఆటను నా కళ్ళముందే తీసేశాడు. కోపంతో చేసిన పని కాదు. పోటీ పరీక్షల తరగతులు మొదలవుతున్నాయి కనుక ఇళ్ళల్లో ఆటలన్నీ తీసేయించమని బడి నుంచి ఫోనుకు కబురు వచ్చిందట. ఇది ఆటే అయినా చదువు కూడా కదా అని నేనంటే, "గా చేపల ముచ్చట పరీక్షల అడుగుతరా అత్తమ్మా?" అని నవ్వాడు. మంచివాడే. కానీ ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఆదిలాబాద్‌లో ఒక బడి వరండాలో ఇదే ప్రశ్న నన్ను నిలబెట్టి అడిగారు. ఆనాడు నేను తలవంచలేదు, ఈనాడూ వంచబుద్ధి కావడం లేదు. ఆ రోజుల్లో నాలాగే బడుల్లో సుద్దముక్క పట్టినవాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో గానీ, వాళ్ళకైతే ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది.

నేను పుట్టి పెరిగింది లక్సెట్టిపేటలో. మా బాపు మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. నాకు తెలిసిన పెద్ద నీళ్ళంటే గోదావరే, అదీ ఎండాకాలం వస్తే ఇసుకలో పాయలు పాయలుగా చీలిపోయి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుంటే నడిచి దాటేంత. జీవశాస్త్రం టీచరుగా ఆదిలాబాద్ బాలికల పాఠశాలకు వచ్చేనాటికి నాకు నలభై దాటాయి గానీ సముద్రం చూసి ఎరుగను. చూడకుండానే ఏటా సముద్రజీవుల పాఠం చెప్పేదాన్ని. ప్రయోగశాలలో మందునీళ్ళ సీసాలో ఒక నక్షత్రచేప ఉండేది. ఎన్నేళ్ళ నాటిదో, రంగంతా పోయి, ఎండిన రొట్టెముక్కలా అయిపోయింది. ఇది ఒకప్పుడు కదిలేది, వేటాడేది, చెయ్యి తెగితే మళ్ళీ మొలిపించుకునేది అని నేను చెబుతుంటే, పిల్లలు నా మీద గౌరవం కొద్దీ తలలూపేవారే తప్ప ఒక్కరూ నమ్మేవారు కాదు.

ఆ బడి పత్తి మార్కెట్టుకు పోయే దారిలో ఉండేది. పత్తి దిగే కాలంలో బండ్లూ ట్రాక్టర్లూ బడి గేటు ముందు నుంచి బారులు తీరేవి. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లుల నుంచి లేచిన దూది పింజలు కిటికీల్లోంచి వచ్చి నల్లబల్ల మీదా, పిల్లల జడల మీదా వాలేవి. చలికాలం ఆ ఊరి చలి సంగతి అక్కడ ఉన్నవాళ్ళకే తెలుసు. స్వెట్టర్లు లేని పిల్లలు ఒకరినొకరు ఆనుకుని కూర్చునేవారు. సగం మంది ఇళ్ళల్లో మరాఠీ, కొందరి ఇళ్ళల్లో ఉర్దూ, బడిలో తెలుగు. తల్లులు చాలామంది జిన్నింగులో కూలీలు.

అలాంటి బడికి ఆ ఏడు కంప్యూటర్లు వచ్చాయి. ఉన్నవాటిలో మంచి గది చూసి వాటిని పెట్టి, తెరలు కట్టి, మీద దుప్పట్లు కప్పి, చెప్పులు బయట విడవాలని గోడమీద రాయించి, తాళంచెవి జేబులో వేసుకున్నారు మా పెద్దసారు. ఆయన చెడ్డవారు కాదు, రిటైరుమెంటు దగ్గరపడిన మనిషి, తన చేతిమీద ఏదీ పాడవకూడదన్నదే ఆయన భయం. నేర్పడానికి పెట్టిన మాస్టరు వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోవడంతో ఆ గది నాకు అప్పగించారు, నాకేదో వచ్చని కాదు, వద్దనడం రాదని. కంప్యూటర్లతో పాటు వచ్చిన సీడీల్లో ఒకదానిమీద తిమింగలం బొమ్మ చూసి, పాఠానికి పనికొస్తుందేమోనని వేసి చూశాను.

అది సముద్రాన్ని గాలిస్తూ పోయే ఆట. మనకొక ఎర్రటి చిన్న జలాంతర్గామి ఇస్తారు. మౌసుతో దాన్ని కిందికి దించుతూ పోతుంటే పైన ఉన్న వెలుగు పలచబడి, నీలం కాస్తా ముదిరి, చివరికి చిమ్మచీకటవుతుంది. ఆ చీకట్లో తమ ఒంటి దీపంతోనే బతికే జీవులు ఒక్కొక్కటే ఎదురవుతాయి. ఫొటో తీస్తే దాని పేరు, తిండి, బతుకు చెబుతుంది. తప్పిపోయిన తిమింగలం పిల్లను గొంతు పోల్చుకుని తల్లి దగ్గరికి చేర్చాలి, వల కోసి అందులో చిక్కిన తాబేలును విడిపించాలి. అంతా ఇంగ్లీషే. నేను డిక్షనరీ ముందేసుకుని చెబుతుంటే, పిల్లలు నా తర్జుమా కోసం ఆగకుండా వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. నెత్తిన దీపం వేలాడేది కందీలు చేప, వెడల్పుగా పరుచుకుని ఈదేది చెద్దరు చేప, కోపమొస్తే ఉబ్బేది పూరీ చేప. ఆ ఏడు సముద్రజీవుల పాఠం నేను చెప్పలేదు, వాళ్ళే నాకు చెప్పారు.

అందరికంటే బాగా నడిపేది జిన్నింగు కూలీ కూతురొకతి. సన్నగా ఉండేది, తరగతిలో పెదవి విప్పేది కాదు, మౌసు చేతికొస్తే మాత్రం పక్కవాళ్ళందరికీ అజమాయిషీ చేసేది. దానికి చెల్లెళ్ళున్నారని, రేపోమాపో అది కూడా పనికి పోవలసిందేనని వాళ్ళు వీళ్ళు అనుకోవడం నా చెవిన పడుతూనే ఉండేది.

ఒకనాడు మధ్యాహ్నం బడి కమిటీలో ఉన్న పత్తి వ్యాపారి ఒకాయన ఏదో పనిమీద వచ్చి, కంప్యూటరు గదిలోంచి వినిపించే గోలకు కిటికీలోంచి తొంగి చూశారు. నన్ను వరండాలోకి పిలిచారు.

"గిదేంది మేడం? టైపింగు నేర్పుండ్రని డబ్బాలు పంపితే, మీరు పొల్లలతోని ఆటలాడిపిస్తున్నరు?"

"ఆటే సార్. దాంట్ల పాఠం ఉన్నది."

"మన జిల్లల సముద్రమే లేకపాయె. గా చేపలు పరీక్షల వస్తయా? చూసి ఏం జేస్తరు?"

"మన జిల్లల ఢిల్లీ గూడ లేదు సార్. అయినా పిల్లలకు చెప్తనే ఉన్నం గద."

అంత మాట అనవలసింది కాదని పక్కనున్నవాళ్ళు తర్వాత నాకు చెప్పారు గానీ, నాకు మాత్రం ఇంకొంచెం అనవలసిందనే అనిపించింది. ఆ సాయంత్రమే గదికి తాళం పడింది. పెద్దసారు నా ముఖం చూడకుండా, కొన్నాళ్ళు ఆగుదాం మేడం, పెద్దవాళ్ళతో మనకెందుకు అన్నారు.

మరునాడు కంప్యూటరు పీరియడు వచ్చింది. పిల్లలను తీసుకుపోయి తాళం వేసిన తలుపు ముందే వరండాలో కూర్చోబెట్టి, సుద్దముక్కలు పంచాను. సముద్రాన్ని యాదికున్నంత గీయమన్నాను. తలుపు దగ్గర నీటి పైభాగం మొదలుపెట్టి, వరండా పొడుగునా లోతుకు పోతూ, మెట్ల మీద చీకటి పొరలు, మెట్ల కింద సముద్రం అడుగు గీశారు. ఒకతి జలాంతర్గామి అయింది, తక్కినవాళ్ళు చేపలు, తాబేళ్ళు అయ్యారు. మిగతా తరగతుల పిల్లలు కిటికీలకు వేలాడి చూశారు. గదిలో ఉన్నన్నాళ్ళు మా తరగతికే తెలిసిన ఆట, తాళం పడ్డాక బడి మొత్తానికి పాకింది. పెద్దసారు ఆ వరండాలో నడవవలసి వచ్చినప్పుడు చేపలను తొక్కకుండా పక్కనుంచి నడవడం నేను చూశాను.

కానీ వ్యాపారి మాట బజారులో మరోరకంగా తిరిగింది. ఆ బడిలో చదువు లేదు, ఆటలే అన్నారు. వారం తిరగకముందే ఆ సన్నపాటి పిల్ల బడికి రావడం మానేసింది. ఆటలాడేటందుకు అంత దూరం ఎందుకు, మిల్లుకు వస్తే నాలుగు రాళ్ళయినా వస్తాయని తండ్రి అన్నాడని దాని జతగత్తె చెప్పింది. అది విన్నాక నాకు మొదటిసారి భయం వేసింది. నేను పట్టిన పంతం నా ఉద్యోగం దాకా పోతే పోనీ, ఆ పిల్ల చదువు మీదికి రావడమేమిటని అనుకున్నాను. మరునాడు బడి వదలగానే వాళ్ళ వాడకు పోయాను. తండ్రి ఇంట్లో లేడు. తల్లి అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, కనుబొమల మీద కూడా దూది అంటుకుని ఉంది. బిడ్డను పంపమని నేను బతిమాలలేదు. కమిటీ కూర్చునే రోజు వచ్చి అది ఏం ఆడుతుందో కళ్ళతో చూడు, చూశాక వద్దనిపిస్తే నేను మళ్ళీ రాను అన్నాను.

ఆమె కనుబొమల మీది దూది తుడుచుకుంటూ, "పనిడిసి రావాల్నంటె సేటు ఊకోడు బాయీ," అంది. తర్వాత, "అయినా వస్త తియ్యి," అంది.

కమిటీ కూర్చునే రోజు రానే వచ్చింది. ఇకమీద ఆటలు ఆడించనని నేను రాసివ్వాలని, ఇస్తే గొడవ అక్కడితో ముగుస్తుందని ముందే నాకు చెప్పారు. నేను తెల్లకాగితం తెల్లగానే పట్టుకుని పోయాను. తీరా చూస్తే ఆ పిల్ల తల్లి వచ్చింది, ఒంటరిగా కాదు. జిన్నింగు తల్లులు చాలామంది పనిబట్టలతోనే వచ్చి వరండాలో, ఆ సుద్ద సముద్రం మధ్యలో నిలబడ్డారు. ఎన్నడూ కమిటీకి రాని మనుషులు. ఆమె కొంగు నిండుగా కప్పుకుని, కమిటీ వాళ్ళ వైపు చూడకుండా పెద్దసారుతోనే అంది.

"ఇంట్ల మా పొల్ల ఎప్పుడు జూసినా గదే ముచ్చట సారూ. జర తాళం తియ్యిండ్రి. మేం గూడ చూస్తం."

ఆయన వ్యాపారి వైపు చూశారు, తర్వాత ఆడవాళ్ళ వైపు చూశారు, ఏమనుకున్నారో, జేబులో చెయ్యి పెట్టారు.

చెప్పులు బయట విడిచి అందరూ లోపలికి వచ్చారు. వెంట వచ్చిన కూతురు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి మౌసు పట్టుకోవడం చూపించింది. ఆమె దాన్ని కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. జలాంతర్గామి రాళ్ళకు కొట్టుకుంది, మళ్ళీ కొట్టుకుంది, ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఎడమకు, కుడికి, ఆగు అని తెలుగులో, మరాఠీలో అరుస్తూ ఆమెను కిందికి దింపారు. వలలో చిక్కిన తాబేలు కనిపించింది. ఇక చాలు, పనుంది అని కమిటీ వాళ్ళు లేవబోయారు.

"ఆగుండ్రి," అంది ఆమె తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "గిది కొట్టుకులాడుతున్నది."

ఎవరూ లేవలేదు. ఆమె ఒక్కొక్క తాడూ కోసి, తాబేలు వల విడిపించుకుని పైవెలుగు వైపు పోయేదాకా చూసి, అప్పుడు లేచింది. పోతూ పోతూ గది తలుపు దగ్గర ఆగి, దీనికి తాళం వేయకండి సారూ అని మాత్రం అంది. ఆ ఏడు మళ్ళీ తాళం పడలేదు. మరునాటి నుంచి ఆ పిల్ల బడికి వచ్చింది, పదో తరగతి దాకా మానలేదు. నా కాగితం తెల్లగానే ఉండిపోయింది.

వేసవి సెలవుల్లో నాకు బదిలీ వచ్చింది, బస్సు దిగి చాలాదూరం నడవవలసిన ఊరికి. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక్క ముక్క రాసిస్తే పోయేది కదా అని మా ఆయన నాలుగు రోజులు గొణిగారు. మళ్ళీ చేయబోయే పనిని తప్పని ఎట్లా రాసిస్తానని అడిగితే, నవ్వి ట్రంకు పెట్టె కట్టారు. కొత్త ఊళ్ళో కంప్యూటరు లేదు, కరెంటు కూడా వచ్చినంతసేపే. అక్కడ కూడా వరండా ఉంది, సుద్ద ఉంది.

ఇంతా చేసి ఏం సాధించావని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ పిల్లల్లో ఎవరూ సముద్ర శాస్త్రవేత్తలు కాలేదు. ఒకతి పెద్దపల్లిలో బట్టలు కుడుతోంది, ఒకతి నర్సు, చాలామంది సంగతి నాకు తెలియదు. ఆ సన్నపాటి పిల్ల బస్సు కండక్టరయింది. ఒకసారి నేనెక్కిన బస్సులోనే కనిపించి, నా పక్కన కూర్చుని, డ్యూటీ దిగాక ఫోనులో సముద్రం ఆటలు తనే ఆడుతుందని, ఇంట్లోవాళ్ళు నవ్వినా మానదని చెప్పింది. "నాకు మంచిగనిపిస్తది మేడం. గింతే," అంది. ఆ గింతే అన్న మాటకు మించి నాకు సాధించవలసింది ఏదీ లేదు. ఆడపిల్ల చూసే ప్రతిదానికీ ఒక ఉపయోగం చూపించమనేవాళ్ళు, తమ మగపిల్లలు సాయంత్రాలు మైదానంలో ఏం ఉపయోగం వెతుకుతున్నారో ఏనాడూ అడగలేదు.

ఇవాళ్టి ఆటల్లో సముద్రం ఎంతో అందంగా ఉంది. ఇసుక రేణువులు కూడా లెక్కపెట్టేటట్టు కనిపిస్తాయి, పేర్లు తెలుగులో కావాలంటే తెలుగులోనే వస్తాయి. కానీ పిల్లలు అందులోకి ఒంటరిగా పోతున్నారు, చెవుల్లో బిరడాల్లా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. ఒక పిల్ల తిమింగలాన్ని చూస్తే పక్కన కూర్చున్న పిల్లకు తెలియదు. మా గదిలో ఒకతి చేతిలో మౌసు ఉంటే మిగిలినవాళ్ళ చేతులన్నీ దాని భుజాల మీద ఉండేవి, ఎవరు ముందు చూసినా అందరూ చూసినట్టే ఉండేది. పరీక్షలో అడిగినా అడగకపోయినా పిల్లలకు సముద్రం కావాలని నేను ఇప్పటికీ అంటాను, ఎవరితోనైనా అంటాను. ఆనుకుని కూర్చుని గోల చేసే తోటివాళ్ళు కూడా కావాలి. వాళ్ళను మాత్రం ఎక్కడి నుంచి తేవాలో నాకు తెలియడం లేదు.