మోకాలికో జత బొత్తాలు

సూదమ్మ చేతికి ఏ బట్ట ఇచ్చినా ముందు తిరగేస్తుంది. పైన ఎంత మెరిసినా ఆమెకు లెక్కలేదు. లోపలి కుట్టు చూడాలి, అంచు ఎలా మడిచారో చూడాలి, కుట్టినవాడు ఎక్కడ బద్ధకించాడో పట్టుకోవాలి. అసలు పేరు ఏదో ఉంది గానీ వీధిలో ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఒకసారి బస్సులో ముందు సీట్లో కూర్చున్న పెద్దమనిషి కాలరు మెల్లగా వెనక్కి తిప్పి చూసింది. ఆయన ఉలిక్కిపడి తిరిగితే, కుట్టు బాగుందండీ, ఎవరిదో కనుక్కుందామని, అంది. అంత ఆరా ఆమెకు.

ఊరందరి గుట్టూ నీకెందుకమ్మా అని అత్తగారు విసుక్కునేది. ఆవిడా తక్కువ తినలేదు. మెట్ల కింద సూదమ్మ నడిపే కుట్టు కొట్లోనే మూల కుర్చీలో కూర్చుని కాజాలు తీస్తూ, బొత్తాలు కుడుతూ, వచ్చిపోయే ప్రతివాళ్ళకూ ఓ మాట తగిలించి పంపేది. కుట్టే చెయ్యీ, తిట్టే నోరూ ఊరుకోవంటారు. ఆవిడ దగ్గర రెండూ ఉన్నాయి. ఇక సూదమ్మ భర్త సామాన్ల వ్యాను నడుపుతాడు. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళూ మాట్లాడాక ఏమైనా సందు మిగిలితే అందులో మాట్లాడతాడు.

ముగ్గురిలో మూడోది కూతురు. పదకొండేళ్ళు నిండినా ఇంట్లో అందరికీ అది చిన్నదే. నెలలు నిండకుండా పుట్టింది. పుట్టినప్పుడు మెదడుకు తగిలిన దెబ్బకు కాళ్ళు బిగుసుకుపోయాయి. తెలివికేం లోటు లేదు, నోటికి అసలే లేదు. నడుస్తుంది గానీ మోకాళ్ళు వంచుకునే నడుస్తుంది, కుర్చీలో కూర్చోబోయి మధ్యలో ఆగినట్టు. గోడో బల్లో ఏదో ఒకటి చేతికి అందుతూ ఉండాలి. దాని కోరిక మాత్రం ఒక్కటే. కొట్టు మధ్యలో కత్తిరింపు బల్ల ఉంది, నిలబడి పని చేసే ఎత్తు. దాని ముందు నిలబడి గుడ్డ కత్తిరించాలి. గుడ్డ కత్తిరించాలంటే ఒక చేత్తో కత్తెర, రెండో చేత్తో గుడ్డ పట్టాలి. చిన్నదానికి రెండో చెయ్యి ఎప్పుడూ బల్ల అంచునే ఉండేది. వదిలితే పడుతుంది.

పిల్ల కాళ్ళను సూదమ్మ ఏం చేయలేకపోయింది గానీ పాంట్లను చేసింది. మామూలు పాంటు వేస్తే వంగిన మోకాలి వెనక గుడ్డంతా ముడుచుకుపోతుంది, ముందు అంచు పైకి ఎగబాకుతుంది. అందుకని మోకాలి వెనక నెలవంకలా ఒక ముక్క తీసేసి, ముందు అంత గుడ్డా కలిపి, పక్కల సన్నటి టక్కులు పట్టి కుట్టేది. ఒక్క ముడత ఉండేది కాదు. బళ్ళో టీచర్లు కూడా, మీ పాప ఈ ఏడు బాగా నడుస్తోందండీ అనేవాళ్ళు. సూదమ్మకు కడుపు నిండిపోయేది. ఆ మెప్పు పిల్లకు కాదు, పాంటుకు వస్తోందని ఎవరికీ తట్టలేదు. అందరి బట్టలూ తిరగేసే మనిషి తన కుట్టు తాను తిరగేసి చూసుకోలేదు.

మోకాళ్ళు నొప్పెడుతున్నాయని చిన్నది బడికి పేచీ పెట్టడం మొదలుపెట్టాక ఎముకల ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడ పొడుగాటి గది, నేల మీద గీతలు, రెండు పక్కలా కెమెరాలు. పిల్లకు పొట్టి నిక్కరు వేయించి నడిపించారు. సూదమ్మ పక్కనే బెంచీ మీద కూర్చుని చూసింది. ఇంట్లో పిల్ల స్నానానికి పీట మీద కూర్చుంటుంది, లేస్తే పాంటు వేసుకుంటుంది. ఆ మోకాళ్ళు బట్ట లేకుండా నడవడం పక్కనుంచి చూసి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. 

డాక్టరమ్మ పిల్లను బల్ల మీద పడుకోబెట్టి మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి నొక్కింది. కాలు బల్లకు ఆనలేదు. కింద పిడికిలి దూరేంత సందు ఉంది. ఈ వంపు ఎప్పటినుంచి పెరుగుతోందని అడిగింది. పెరగలేదండీ, మొదట్నుంచీ ఇంతే అని సూదమ్మ ధీమాగా చెప్పింది.

"కాదమ్మా, పెరిగింది. ఇదివరకు నాకు బళ్ళో నల్లబల్ల పైదాకా అందేది. ఇప్పుడు అందట్లేదు," అంది చిన్నది.

ఇంటికొచ్చాక సూదమ్మ నేరుగా కొట్లోకి వెళ్ళింది. అతుకులకని దాచిన పాత బట్టల మూటలోంచి పిల్ల పాత పాంటు ఒకటి లాగి, నిన్నమొన్న కుట్టిన పాంటు మీద మోకాలికి మోకాలు ఆనించి పరిచింది. కాలు పొడుగైతే గుడ్డ పొడుగవాలి. పొడుగు సరే, నెలవంక ఎందుకు అంత లోతయింది? ఏడాదికోసారి కొలత తీసుకోవడం, వెనక ఇంకాస్త తీయడం, ముందు ఇంకాస్త కలపడం. ఎదిగే పిల్ల కదా అనుకుంది. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది, కళ్ళకు చెప్పలేదు. వంపు పెరిగిన కొద్దీ కుట్టు దాన్ని దాచింది. అందరి కళ్ళూ కప్పింది, ముందు తన కళ్ళే కప్పింది.

"నా చేత్తో నేనే దాచిపెట్టాను అత్తయ్యా," అని బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఎవరికైనా చురక అంటించే అత్తగారు ఆ రోజు కుట్టు పని ఆపేసింది. లేచి వచ్చి ఆ రెండు పాంట్లూ మడిచి పక్కన పెట్టింది.

సూదమ్మ భర్తను కూడా తీసుకుని మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించింది. తొడ ఎముక చివర సన్నటి గీత ఉంది. ఎముక ఎదిగేది అక్కడే. తొడ వెనక కండరాలు బిగుసుకుని కాలిని వెనక్కి లాగుతున్నాయి, పిల్ల బరువు పెరిగే కొద్దీ మోకాలు ఇంకా కుంగుతోంది. ఇలాగే వదిలేస్తే నడక పూర్తిగా ఆగిపోవచ్చని దాచకుండా చెప్పింది. కానీ ఆ గీత ఇంకా మూసుకోలేదు. మోకాలి ముందు వైపున గీతకు అటూ ఇటూ మరలు దిగేలా చిన్న లోహపు బిళ్ళలు బిగిస్తే, ముందు ఎదుగుదల ఆగుతుంది, వెనక ఎదుగుతూనే ఉంటుంది. అలా కాలు మెల్లగా తనంతట తనే చాపుకుంటుంది. గీత మూసుకుపోయాక అయితే ఎముక కోసి సరిచేయాల్సి వస్తుంది. అది పెద్ద ఆపరేషను.

సూదమ్మకు అది కుట్టు లెక్కలా తోచింది. గుడ్డకు ఒక అంచున బిగువుగా పట్టీ వేసి కుట్టి రెండో అంచు వదిలేస్తే గుడ్డ వంపు తిరుగుతుంది, అలాగేనా అని అడిగింది. అలాగే, కాకపోతే గుడ్డ ఎదగదు, మీ అమ్మాయి ఎదుగుతుంది అని డాక్టరమ్మ నవ్వి, సొరుగులోంచి ఒక బిళ్ళ తీసి చిన్నదాని అరచేతిలో పెట్టింది. రెండు కన్నాలు, మధ్యలో సన్నటి నడుము.

"ఇది బొత్తామే!" అంది చిన్నది.

ఇక తల్లీకూతుళ్ళు డాక్టరమ్మను వదల్లేదు. మర తుప్పు పడుతుందా? మోకాలు మడిస్తే గుచ్చుకుంటుందా? ఎముక ఎదిగితే మరలు ఎటు పోతాయి? చర్మం కింద చేతికి తగులుతుందా? లోపలికి వెళ్ళేటప్పుడు ఎక్కడ కోస్తారు, ఎలా కుడతారు, ఏ దారంతో? ఆ చివరిది సూదమ్మ ప్రశ్న అని వేరే చెప్పక్కర్లేదు. సూదమ్మ భర్తకు సందు దొరికింది. నొప్పి ఉంటుందా అని ఒక్కటే అడిగాడు. ఉంటుందంది డాక్టరమ్మ. మోకాలికో జత బిళ్ళలు వేస్తామంది, తొడ వెనక కండరాన్ని కూడా కాస్త సాగదీస్తామంది. కాలు పూర్తిగా నిటారవుతుందని మాట ఇవ్వలేనంది, అందరు పిల్లల్లా పరిగెడుతుందని అసలే అనలేదు. నిలబడటం తేలికవుతుందని మాత్రం ఆశ ఉందంది.

అత్తగారికి నచ్చలేదు. లక్షణంగా ఎదిగే ఎముకకు మేకులు కొట్టడమేమిటని గొణిగింది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు, ఇది మొక్కప్పుడే వంగిపోయింది, ఇక మనమేం చేస్తాం అని నిట్టూర్చింది. చిన్నది ఊరుకుంటుందా?

"నేనింకా మొక్కనే కదా నానమ్మా. ఇప్పుడే కట్టెకు కట్టండి మరి."

ఆపరేషను అయింది. తెలివి రాగానే చిన్నది దుప్పటి ఎత్తి చూసుకుంది. కాళ్ళు నిన్నటిలాగే ఉన్నాయి, పైగా కట్లు, నొప్పి. ఏమీ మారలేదేంటని ఏడ్చింది. బొత్తాలు పెట్టగానే చొక్కా అయిపోదు కదే అని నానమ్మ తల నిమిరింది. రోజూ వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయిని చిన్నది వచ్చినప్పుడల్లా తిట్టేది, ఒక రోజు రాకపోతే ఎందుకు రాలేదని దెబ్బలాడేది.

ఇంటికొచ్చాక సూదమ్మ ప్రాణం టేపు మీదే. పిల్ల అన్నం తింటున్నా, చదువుకుంటున్నా మోకాలి వెనక చెయ్యి పోనిచ్చి సందు ఎంతుందో చూసేది. నిన్న తగ్గిందనిపించేది, ఇవాళ పెరిగిందనిపించేది. తగ్గిందనుకున్న రోజు అందరికీ నవ్వుతూ వడ్డించేది, పెరిగిందనుకున్న రోజు మిషను మీద కసి తీర్చుకునేది. చివరికి చిన్నదానికి ఒళ్ళు మండింది.

"నేను గుడ్డను కాదమ్మా, పొద్దస్తమానం కొలవకు. డాక్టరు గారు కొలుస్తారుగా!"

ఆ మాట సూదమ్మకు సూదిలాగే దిగింది. టేపు తీసి మేకుకు తగిలించింది. పిల్ల కాళ్ళ జోలికి మళ్ళీ పోనని మాట ఇచ్చి, ఆశ్చర్యం, నిలబెట్టుకుంది. నెలలు గడిచాయి. కట్ల కోసమని వేసిన పొడుగాటి వదులు లంగాల్లోనే చిన్నది ఇంట్లోనూ బళ్ళోనూ తిరిగేది. ఆస్పత్రిలో బాగానే ఉందనేవాళ్ళు. ఎంత బాగో అడగాలని నాలుక చివరిదాకా వచ్చినా మింగేసేది. పోనీలే, అయినంతే అవుతుంది అనుకుంటూ రోజులు నెట్టింది.

బడి తెరిచే ముందు చిన్నదానికి కొత్త పాంట్లు కావాల్సి వచ్చాయి. కొలత తీయనని మాట ఇచ్చింది కదా, పొడుగు ఒక్కటి పిల్లనే అడిగి, మిగతాదంతా పాత లెక్క ప్రకారం నెలవంక తీసి, ముందు గుడ్డ కలిపి, టక్కులు పట్టి కుట్టింది. ఇస్త్రీ చేసి ఇచ్చింది. చిన్నది లోపలికి వెళ్ళి వేసుకుని, గోడ పట్టుకుని కొట్లోకి వచ్చింది.

"అమ్మా, కుట్టడం మర్చిపోయావా ఏంటి?"

నిజంగానే పాంటు ఘోరంగా ఉంది. మోకాలి ముందు గుడ్డ సంచిలా వేలాడుతోంది, వెనక పీక్కుపోతోంది. సూదమ్మ మొహం మాడిపోయింది. ఇంతకాలం కుట్టి ఇదా నా పనితనం అని తనను తానే తిట్టుకుంటూ వచ్చి పిల్ల ముందు కూలబడింది. పొడుగు చొక్కా అడ్డొస్తోంది, పైకి ఎత్తి పట్టుకోవే అని కసిరింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని వెనక కుట్టు లాగి చూసింది. కుట్టు సరిగ్గానే ఉంది. ముందు చూసింది. అదీ సరే. కత్తిరింపు తప్పలేదు. ఇక తప్పు ఎక్కడుంది? ఎప్పుడూ నెలవంక తీసే చోట, మోకాలి వెనక, వేళ్ళు పెట్టింది. అక్కడ వంపు లేదు. ఉన్నా, ఉందా అని వెతుక్కోవాల్సినంతే.

నోట్లో ఇంకా గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టింది. పాంటు చెడింది. ఆమె కుట్టిన వాటిలో ఇంత చెడ్డ పాంటు లేదు. దాన్ని అలాగే పట్టుకుని ఏడుస్తూ నవ్వింది.

అప్పుడు మూల కుర్చీలోంచి అత్తగారు, చేతిలో సగం కుట్టిన బొత్తాం అలాగే వదిలేసి, చాలా మెల్లగా అంది.

"అమ్మాయ్, కాళ్ళు తర్వాత చూద్దువు గానీ. ముందు దాని చేతులు చూడు."

సూదమ్మ తలెత్తింది. చిన్నది రెండు చేతులతోనూ చొక్కా అంచు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. బల్ల పక్కనే ఉన్నా దాన్ని పట్టుకోలేదు. నానమ్మ మాట విని చిన్నది కూడా తన చేతుల వైపు చూసుకుంది. చూసుకోగానే భయమేసి బల్ల అంచు పట్టేసుకుంది. ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

 సూదమ్మ లేచి, కత్తెర తెచ్చి, బల్ల మీద పిల్లకు అందేలా పెట్టి, పక్కన కొత్త గుడ్డ పరిచింది. చిన్నది కాసేపు కత్తెర వైపు చూసి, బల్ల అంచు వదిలేసింది.