మా కాలనీ ఖాళీ స్థలానికి నకలు తెచ్చిన కథ

ముందే చెప్పేస్తున్నాను, నాకు ఉన్నదున్నట్టు చెప్పడం చేతకాదు. మా ఇంట్లో దోమ దూరితే, నేను వీధి చివరి టీ కొట్టు దాకా వెళ్లేసరికి అది గద్దయి కూర్చుంటుంది. ఈ జబ్బు తెలిసిన మా ఆవిడ, నేనేం చెప్పినా మనసులో సగం కొట్టేసి మిగతాది వింటుంది. మీరూ అలాగే చదువుకోండి. పెంచిన చోట్లు మీకే తెలిసిపోతాయి. లేనిది కల్పించిన చోటు మాత్రం ఒకటుంది, అది చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మాది గుంటూరు శివారు. మొన్నమొన్నటి దాకా పంచాయతీ, ఇప్పుడు గుంటూరు కార్పొరేషన్‌లో కలిసింది, మా నోట మాత్రం మున్సిపాలిటీయే. మిరప చేలల్లో వెంచర్ వేసి ప్లాట్లు అమ్మారు. అమ్మేటప్పుడు చూపించిన రంగుల కాగితంలో కాలనీ నడిబొడ్డున ఫౌంటెన్, చుట్టూ హంసలు, పక్కన తెల్లగా నవ్వే విదేశీ పిల్లలు ఉన్నారు. ఇళ్లు కట్టుకుని వచ్చి చూస్తే అక్కడ కంపచెట్లు, వాటి కింద ప్రపంచంలోని పాములన్నిటికీ బంధువుల ఇళ్లు.

ఆ కంప కొట్టించి నేల చదును చేయించింది వెనక వీధిలో ఉండే ఒక కౌలు రైతు. వెంచర్ పడక ముందు ఆ నేల ఆవిడ కౌలుకి చేసిన చేనే. ఇప్పుడు చేసే చేను దూరం. నల్లరేగడి, కింద చెమ్మ, రాత్రి కాపలాకి మనిషి లేడు. అందుకని కోసిన మిరపకాయలు తెచ్చి మా ఖాళీ స్థలంలో పట్టాల మీద ఆరబోసేది. మాకు పార్కు స్థలం, ఆవిడకి కల్లం. ఆకాశం కాస్త నల్లబడితే చాలు, ఇంట్లోంచి పరుగున వచ్చి పట్టా కప్పేసేది. ఒక్క వాన తడిసిందా, కాయ రంగు పోయి తాలుకాయ కింద జమ. ఏడాది కష్టం అంతటితో సరి.

ఆ రోజుల్లో మా వీధిలో ఎవరూ మాట పూర్తిచేసేవాళ్లు కాదు, మధ్యలో తుమ్మేవాళ్లు. పైన విమానంలో పోయేవాళ్లు కూడా మా కాలనీ మీదికి రాగానే జేబురుమాళ్లు తీసేవాళ్లని నా నమ్మకం. అయినా ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. ఆవిడ వేళ్లతో చిదిమి చూసిన ఎర్రటి కాయలు ఏరి, ఇంటింటికీ పచ్చడికి పంపేది మరి.

ఒక పొద్దున లేచేసరికి ఆ స్థలంలో హద్దురాళ్లు పాతి ఉన్నాయి. తెల్ల కారులో ఒక పెద్దమనిషి దిగి, ఆ స్థలం తను కొన్నానని, కాగితాలున్నాయని చెప్పి వెళ్లాడు. ఆయన మెడలో గొలుసుకి మా వీధి కుక్కనే కాదు, ఏనుగుని కట్టేయొచ్చు.

సాయంత్రం మా వరండాలో కాలనీ అంతా చేరింది. మా ప్రాంతంలో ఏ ఆఫీసు పనైనా ఒకే మాటతో మొదలవుతుంది.

"మున్సిపల్ ఆఫీసులో మనోడున్నాడు."

ఆ మాట ఒకరు కాదు, ముగ్గురన్నారు. ఆ ముగ్గురు మనోళ్ల కోసం నెలకి పైగా తిరిగాం. ఒకాయన వినుకొండకి బదిలీ అయిపోయాడు. ఇంకొకాయన రిటైరై మనవణ్ణి ఆడిస్తున్నాడు. మూడోవాడు నిజంగానే సీట్లో ఉన్నాడు, కాకపోతే రాళ్లు పాతినాయనకీ మనోడే.

చివరికి దారి చూపింది వార్డు సచివాలయంలో ప్లానింగ్ చూసే అమ్మాయి. "పంచాయతీ నాటి లేఅవుట్లు మా దగ్గరుండవు సార్. మున్సిపల్ ఆఫీసు రికార్డు రూములో ఉంటాయి. సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. సర్వే నంబరు మీ ఇంటి దస్తావేజులోనే ఉంటుంది, అది వేయండి. ఆమోదించిన లేఅవుట్ నకలు, ఖాళీ స్థలం పంచాయతీకి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ నకలు, ఈ రెండే అడగండి" అంది.

రెండే అడగమంటే నేను వింటానా? ఆ రాత్రి నేను రాసిన అర్జీ కృష్ణా కాలువంత పొడుగు. పిల్లలు ఉయ్యాలలూగే చోటని, వృద్ధులు నడిచే చోటని, పక్షులు వాలే చోటని రాశాను. ఉయ్యాల లేదు. వృద్ధుల్లో నడిచేది ఒక్కాయనే, అదీ షుగర్ డాక్టరు తిట్టాక. పక్షులంటే కాకులు.

పొద్దున్నే కౌలు రైతమ్మ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"ఏం రాశావన్నయ్యా?"

చదివి వినిపించాను. శ్రద్ధగా విని, కొంగుతో మూతి కప్పుకుని నవ్వింది.

"మన కాలనీయేనా ఇది? నాకూ వచ్చి ఉండాలనిపిస్తంది."

"నీ కాయల సంగతి కూడా రాస్తానమ్మా. ఇన్నేళ్లుగా ఆరబోసుకుంటున్నావని."

"వద్దు వద్దు. అది రాస్తే నేనే ఆక్రమించానంటారు. ముందు స్థలం మనదని తేలనీ. అది పోతే నా కాయలు ఎక్కడ పోసుకోను? రోడ్డు మీదా?"

కాలనీ ప్రెసిడెంటు, బ్యాంకులో రిటైరైన మనిషి, ఆయనా అదే అన్నారు. "మిరపకాయల ఊసెత్తకండి గురూగారూ. పార్కు, పార్కు, పార్కు. అంతే."

మున్సిపల్ ఆఫీసులో అర్జీ తీసుకునే గుమాస్తా నా కాగితాలు చేతిలో బరువు చూశాడు.

"ఇన్ని పేజీలెందుకండి? ఏం కావాలో రాస్తే చాలు. ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు, చట్టంలోనే ఉంది."

"కారణం చెప్పకుండా అడిగితే మర్యాదగా ఉండదేమోనండి."

"మీ ఇష్టం" అని ముద్ర గుద్దాడు.

మా వైపు మనుషులం అంతే. పొరుగింట్లో నిచ్చెన అడగాలన్నా ముందు ఆరోగ్యాలు, తర్వాత వానలు, ఆ తర్వాత నిచ్చెన. కారణం చెప్పకుండా అడిగితే దబాయించినట్టుంటుంది. చట్టం అక్కర్లేదన్నా సరే, చెప్పి తీరతాం.

కబురొచ్చి రికార్డు రూముకి వెళ్లాను. గుడ్డమూటల్లో కట్టిన ఫైళ్లు నేల నుంచి పైకప్పు దాకా ఉన్నాయి. అటెండరు ఒక మూట విదిలిస్తే లేచిన దుమ్ములో నాకు మా తాతగారు కనిపించారు. మూడో మూటలో దొరికింది. మడతలు విప్పితే మా వీధులు, మా ఇళ్లు, మధ్యలో ఆకుపచ్చ రంగు వేసిన ముక్క. దాని మీద పార్కు అని రాసి ఉంది. గిఫ్ట్ డీడ్ కూడా దానికే కుట్టి ఉంది.

ధ్రువీకరించిన నకలు తెచ్చి మా వరండాలో పరిచాను. రైతమ్మ చేతులు కడుక్కుని వచ్చి, ఆ ముక్క మీద వేలు పెట్టింది.

"ఇదేనా నా కల్లం?"

"అదే."

"ఇంత చిన్నదా" అంది. మొహం మాత్రం వెలిగిపోయింది. ఆ నకలు జతచేసి ఫిర్యాదిస్తే మున్సిపాలిటీ వాళ్లు జేసీబీ పంపి రాళ్లు పీకించారు. మా ప్రెసిడెంటు అందరికీ పునుగులు పెట్టించారు.

నకలుతో పాటు వచ్చిన ఉత్తరం అడుగున చిన్న వాక్యమొకటి ఉంది. అర్జీ ప్రతిని ఇంజనీరింగ్ విభాగానికి పంపడమైనది, నివాసుల విజ్ఞప్తి మేరకు తదుపరి చర్య కోసం. దాన్ని ఎవరం చదవలేదు. సంతోషంలో ఉన్నవాళ్లు ఉత్తరం అడుగు దాకా ఎందుకు పోతారు?

కాయ కోతకి వచ్చే ముందు గోడ లేచింది. లోపల సిమెంటు బాట, బెంచీలు, నేను రాసిన ఉయ్యాలలు. తాళం వేసిన ఇనప గేటు, దాని మీద మున్సిపల్ పార్కు అని బోర్డు. ఇంజనీరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన మంచివాడు, కూర్చోమని నా అర్జీనే తీసి నాకు చదివి వినిపించాడు. పిల్లలు, వృద్ధులు, పక్షులు.

"ఇంత బాగా రాశారు కదండి, కమిషనర్ గారు చదివి వెంటనే శాంక్షన్ చేశారు."

"ఏటా ఓ రెండు నెలలు మిరపకాయలు ఆరబోసుకోనిస్తారేమో..."

"మిరపకాయల మాట ఇందులో ఎక్కడా లేదే" అన్నాడు. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు, పాపం.

మళ్లీ అర్జీ పెట్టాను, ఈసారి పొట్టిగా. పార్కులో పంట ఆరబోతకి నిబంధనలు లేవని జవాబొచ్చింది. కాలనీలో కొందరికి ఈ జవాబు నచ్చింది, తుమ్ములు తగ్గాయి. నాతో పైకి అనలేదు గానీ, వాళ్ల కిటికీలు ఇప్పుడు తెరిచే ఉంటున్నాయి.

కోతలు మొదలయ్యాక ఆవిడ టాటా ఏసులో కాయలు వేయించుకుని, పట్టాలతో గేటు దగ్గరికొచ్చింది. నేను ఎదురెళ్లి బోర్డు వైపు చూపించాను. ఆవిడ నా భుజం తట్టినంత పని చేసి, "పోన్లే అన్నయ్యా, స్థలం పరాయివాడి పాలు కాలేదుగా. మన పిల్లలే ఆడుకుంటారు" అని నవ్వి వెళ్లింది.

ఇక ఒప్పుకుంటానన్న చోటు ఇదే. ఆ గొలుసు, ఆ దుమ్ములో తాతగారు, విమానంలో తుమ్ములు, వాటిని మీరు సగం కొట్టేసుకున్నా నాకు నష్టం లేదు. గేటు దగ్గర ఆవిడ అన్న నాలుగు ముక్కలు మాత్రం పూర్తిగా నా కల్పన. ఆవిడ పోన్లే అనలేదు, నవ్వలేదు. ఆ మాట రాసుకుంటే నాకు కాస్త నిద్ర పడుతుందేమోనని రాసుకున్నాను.

నిజంగా జరిగింది ఇంతే. గేటు పట్టుకుని లోపలికి చూసింది. "తాళం ఎవరి దగ్గరుంటదన్నయ్యా?" అని అడిగింది. మున్సిపాలిటీ వాళ్ల దగ్గర, అన్నాను. డ్రైవరుతో ఏదో చెప్పి బండి వెనక్కి తిప్పించుకుంది. ఆ ఏడాది కాయలు హైవే పక్కన మట్టి అంచు మీద పోసింది. మాఘంలో ఒక సాయంత్రం అకాల వాన పడింది. ఆవిడ ఇంటి నుంచి అక్కడికి చాలా దూరం.