గాలికి వీపు పెట్టిన పోలయ్య

బాపట్ల తీరంలో తెరచాప పడవ నడిపే పోలయ్యకు గాలివాటం పుట్టుకతో వచ్చిన విద్య. తుపానులో ఆ పడవ పోయింది. కొత్తది చేయించాలని అతని ఇల్లాలు వెంకటసుబ్బులు కువైట్‌లో వంటపనికి ఒప్పుకుంది. అవి ఎనభైల చివరి రోజులు. రేపల్లె దాటి ఎరగని మనిషి, మద్రాసు విమానాశ్రయం గుమ్మంలో మొగుడి చెయ్యి వదల్లేకపోయింది.

“భయమేస్తంది మావా. కిటికీలోంచి ఒక్కసారి కనపడు, చాలు.”

“ఎర్ర తలగుడ్డ ఊపుతా, చూడు. నీ ఇమానం నా నెత్తిమీంచే పోద్ది.”

మధ్యాహ్నం తిరిగింది. తూర్పున సముద్రం మీంచి గాలి కొడుతోంది. గాలి పోయేవైపే కదా ఏ పడవైనా పోయేది! పోలయ్య ఎండలో నడిచి నడిచి పడమటి కంచె చేరాడు. అక్కడ మజ్జిగమ్మే అరవ అవ్వ, మాట తెలియకపోయినా మొహం చూసి, ఓ గ్లాసు చేతిలో పెట్టింది.

విమానం నిజంగానే కంచె దాకా వచ్చింది. పోలయ్య గుడ్డ విప్పాడు. అంతలో అది తోక ఇటు తిప్పి, ఉరిమి, ఎదురుగాలిలోకి పరుగెత్తి సముద్రం వైపు లేచిపోయింది. సుబ్బులు చూసిందో లేదో!

ఇంటికొచ్చాక అతనికి అన్నం సయించలేదు. తెనాలి నుంచి బదిలీ అయి వచ్చిన జ్ఞానానందం మాస్టారు సంగతి విని, వచ్చి వలల పక్కన కూర్చున్నారు.

“గాలి నన్ను మోసం చేసిందండి మాస్టారూ.”

“లేదయ్యా. పడవను గాలి వెనకనుంచి తోస్తుంది. విమానానికి రెక్కల మీద గాలి ఆడాలి. ఎదురుగాలి ఉంటే కొద్దిపాటి పరుగుతోనే లేస్తుంది. వెనకగాలైతే చాలా దూరం పరుగెత్తాలి, అంత నేల చాలకపోవచ్చు.”

“మరి దిగేటప్పుడండి?”

“అప్పుడూ గాలికి ఎదురుగానే.”

“అయితే, ఆ గాలే ఉంటే, నా కంచె మీంచే వస్తదాండి?”

“వస్తుంది. ప్రభువు ఆమెను చల్లగా తీసుకొస్తాడు,” అన్నారు మాస్టారు.

అప్పట్నుంచి పొద్దు వాలి సముద్రపు గాలి తగలగానే పోలయ్య దానికి వీపు పెట్టి, పడమటి ఆకాశం చూస్తూ కూర్చునేవాడు.

“ఏంటి బావా, గంగమ్మ మీద అలిగావా?” అన్నాడు ఓసారి బామ్మర్ది సింగయ్య.

“అలగలేదురా. మీ అక్క ఆ పక్కనించే దిగుద్ది.”

సింగయ్య మరి నవ్వలేదు. వల పక్కన పడేసి, తానూ సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. పోలయ్య తలగుడ్డ అంచు గాలికి ముందుకు, పడమటికి రెపరెపలాడుతోంది.