చక్రాల ముందు ఆకుపచ్చ నిమ్మకాయలు

పరదేశంలో, పాయింట్ కుక్ అనే ఊళ్లో ఉన్న మా ఇంటికి కొత్త కారు వచ్చిన శనివారం ఉదయం నా కాలు ఒకచోట నిలవలేదు. కొబ్బరికాయ కొట్టాను, బానెట్‌కి బొట్లు పెట్టాను, నాలుగు చక్రాల ముందూ నిమ్మకాయలు పెట్టాను. వాటిని తొక్కించి బండి తీస్తే దిష్టి పోతుందని మా నమ్మకం. ఇక్కడి లెమన్లు బత్తాయిలంత ఉంటాయని, ముదురాకుపచ్చ లైములు, చిన్నవి, గుండ్రటివి నేనే ఏరి తెచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంజిన్ స్టార్ట్ చేశానో లేదో, “స్టాప్! స్టాప్!” అని కేక. పక్కింటి పెద్దాయన, ఒకప్పటి సైనికుడు, కర్ర లేనిదే అడుగు వేయని మనిషి, పరుగెత్తుకొచ్చారు. తలుపు లాగి, నన్ను గడ్డి మీదికి ఈడ్చి, నా మీద అడ్డంగా పడిపోయారు. నా పట్టుపంచె బురదపాలైంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“మైండ్ ఉందా అసలు ఈయనకి? పూజ చేసిన బండండీ!”

“మీరు అరవకండి. ఆయన చూపంతా ఆ కాయల మీదే ఉంది,” అంది మా ఆవిడ. చక్రం ముందున్న కాయ ఒకటి తీసి, కోసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వాసన చూసి, గడ్డి మీదే కూర్చుండిపోయారు.

కాసేపటికి చెప్పారు. కుర్రతనంలో అడవుల్లో యుద్ధం చేసేటప్పుడు సరిగ్గా ఇంతే ఉండే గ్రెనేడ్లు ఇచ్చారట. మామూలువి బరువు, రెండు మోయడమే కష్టం. ఇవైతే జేబులో నాలుగు పడతాయి, విసిరితే దూరం పోతాయి. అందరూ మోజుపడ్డారట. కానీ పేలితే ముక్కలు విసిరినవాడి దాకా కూడా వస్తాయి. ఒకరోజు అలాంటిదే ఎవరో జీపు చక్రం దగ్గర పెట్టారు. స్టీరింగ్ ముందు ఆయన స్నేహితుడున్నాడు.

“నేను చూశాను. కేక వేసేసరికి బండి కదిలిపోయింది,” అన్నారు.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. బాంబు అనుకున్న మనిషి దూరంగా పారిపోలేదు, నా దగ్గరికి వచ్చాడు! తాళం ఆయన చేతిలో పెట్టాను. “మొదట మీరే తీయాలి” అన్నాను.

ఆయన సీట్లో కూర్చుని, నన్ను దూరంగా నిలబడమని సైగ చేశారు. నేను వినలేదు. వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను. మా ఆవిడ తీసిన కాయ స్థానంలో ఇంకోటి పెట్టింది.

ఆయన చాలాసేపు బ్రేకు మీంచి కాలు తీయలేదు. తర్వాత తీశారు. టప్, టప్ మని చప్పుడైంది. కారంతా నిమ్మవాసన. ఆయన నా భుజం తడిమి చూసుకుని, పెద్దగా నవ్వడం మొదలుపెట్టారు.