కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?

ఆ రోజుల్లో మా కిటికీలోంచి ఒక కొండ కనిపించేది. కొండంటే దేవుడున్న కొండ కాదు, ఉత్త బండలు. జూబ్లీహిల్స్‌లో ఎవరో బంగళా కట్టుకోవడానికి దాన్ని రోజూ పేల్చేవాళ్ళు. ముందు ఒకడు ఎర్రగుడ్డ ఊపేవాడు. తర్వాత పొడుగ్గా ఈల. ఈలకీ పేలుడుకీ మధ్య కాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు, వీధికుక్కలు కూడా నోరు మూసుకునేవి. పేలుడంటే నాకెప్పుడూ భయం లేదు. ఆ కాసేపే భయం.

మాది షేక్‌పేటలో మేడమీది పోర్షన్. కింద ఇంటివాళ్ళు. నేను ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పేదాన్ని. బొంబాయి నుంచి దిగిన హీరోయిన్ తెరమీద పెదాలు కదిపితే, వాటికి సరిగ్గా అతికేలా మాట నేనిచ్చేదాన్ని. ఇరవయ్యేళ్ళు ఇచ్చాను. ఒక్క పోస్టర్ మీదా నా పేరు లేదు. ఆ విషయంలో నేను పోట్లాడని నిర్మాత కూడా లేడు.

ఒకరోజు కింది ఇంటావిడ కూతుర్ని వెంటబెట్టుకుని పైకొచ్చింది.

"అక్కా, నువ్వు ఇంగ్లీషుల బి.ఏ. జదివినవంట గదా. మా బిడ్డకు జర మాట్లాడుడు నేర్పరాదు? రెండు కంపెనీలల్ల రాతపరీక్ష పాసయింది. మాట్లాడుమంటే నోట్ల బెల్లంగడ్డ వెట్టుకున్నట్టు నిలవడ్తది. గీసారి గూడ రాకపోతే వాళ్ళ పెద్దనాయిన సిమెంటు దుకాణంల కూసోవెడ్తడట."

ఆ పిల్ల తల ఎత్తలేదు. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. ఇంగ్లీషులో రాయమంటే నాకన్నా శుభ్రంగా రాసేది. చుట్టుపక్కల పిల్లలందరూ మెడలో కార్డులు వేసుకుని కంపెనీ బస్సులెక్కుతున్నారు. దానికీ ఆ కార్డే కావాలి. సిమెంటు దుకాణం మాట వినగానే దాని ముఖం ఎలా పాలిపోయిందో చూసి సరేనన్నాను.

నాకు తెలిసిన పద్ధతిలోనే నేర్పాను. ప్రశ్న రాసేదాన్ని, కింద జవాబు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ గీత. నేను పలికితే తను పలికేది. నెల తిరిగేసరికి నా గొంతు అచ్చంగా దించేసింది. మాట చివర నేను చేసే చిన్న విరుపుతో సహా. మెట్లమీద దాని మాట విని మా ఆయనే, "ఇంతసేపూ కింద ఎవరితో తగాదా?" అని నన్నడిగేవాడు.

కానీ పేజీలో లేని ప్రశ్న వేశానా, అంతే.

"ఏమ్మాయ్, మూగనోము పట్టావా?"

"మీరే జెప్పుండ్రి ఆంటీ. మీరు జెప్తే నేను మీ ఎనక చెప్త."

నేను తిట్టేదాన్ని, తిట్టి చెప్పేసేదాన్ని. డైలాగులో ఎదుటివాడు ఏమంటాడో మనకి ముందే తెలుసు. మాట్లాడ్డంలో తెలియదు. ఈ సంగతి నాకు తెలియకేం? కానీ తప్పు లేకుండా పలికిన ఆ పిల్ల నోరు చూస్తే నాకు గర్వంగా ఉండేది.

ఇంటర్వ్యూ ఫోన్లో పెట్టారు. కింద ఎప్పుడూ చుట్టాల గోల కాబట్టి దరఖాస్తులో మా ఇంటి నంబరే రాయించాను. పదకొండింటికి ఫోన్ మోగింది. నేను స్పీకర్ నొక్కాను. అవతలి మనిషి మన వైపువాడు కాదు, తెలుగు రాదు. ఇంగ్లీషులో తన గురించి చెప్పమన్నాడు. పిల్ల అదరగొట్టింది. చదువు గురించి అడిగాడు. అదీ చెప్పింది. అప్పుడతను తేలిగ్గా, నవ్వుతూ అడిగాడు. "ఇప్పుడు మీ కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?"

అది మా పేజీలో లేదు.

పిల్ల కిటికీకేసి చూసింది. పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. మళ్ళీ కదిలాయి. నేనేమీ ఆలోచించలేదు. నా ముందు పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో నా ఒంటికి తెలుసు. నోరు తెరిచాను. బండలు, ఎర్రగుడ్డ, ఈల, అన్నీ ఇంగ్లీషులో వర్ణించాను. ఆ పిల్ల ముఖాన్నే చూస్తూ, ఆ పెదాలు ఆగినచోట ఆగుతూ. అతనికి తేడా తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ఆ పిల్ల నేర్చుకున్నది నా గొంతే కదా.

ఉద్యోగం వచ్చింది. కింది ఇంటావిడ పూతరేకులు తెచ్చి నా నోట్లో పెట్టింది. మా సినిమావాళ్ళలో ఇది తప్పని ఒక్కరికైనా తోచి ఉంటుందా? మా దగ్గర ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. తోచాల్సింది నాకు. తోచలేదు.

ఆరు వారాలు శిక్షణ. తర్వాత ఫోన్ల మీద కూర్చోబెడతారు, దేశం కాని దేశంవాళ్ళతో మాట్లాడాలి. ఇంటర్వ్యూ చేసినాయనే శిక్షణ ఇస్తున్నాడు. మొదటి వారం పిల్ల మెడలో కార్డుతో నవ్వుతూ వచ్చింది. రెండో వారం నవ్వు లేదు.

"ఆయన ఊకె అదే అడుగుతుండు ఆంటీ. కిటికీ సంగతి మంచిగ జెప్పిన పిల్ల యాడికి వోయింది అంటుండు."

"నువ్వేమన్నావు?"

"నవ్విన."

సాయంత్రాలు దాన్ని కూర్చోబెట్టి ఏవేవో ప్రశ్నలు వేశాను. చారు ఎలా పెడతావు? నీ చెప్పులు తెగిపోతే ఏం చేస్తావు? చెప్పదు. నా నోటికేసి చూస్తుంది. ఆ చూపు నాకు తెలుసు. చీకటి డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడి తెరకేసి నేను చూసే చూపు అది. నాలుగో వారానికి అన్నం మానేసింది. ఐదో వారంలో మెట్లు దిగుతూ అడిగింది. "మీరు నాతోని ఆఫీసుకు రారాదు ఆంటీ?" నవ్వుతుందేమోనని ఆగాను. నవ్వలేదు.

ఆరో వారం, ఒక మధ్యాహ్నం. డబ్బింగ్ ముగించుకొచ్చి చెప్పులు విప్పుతున్నాను. ఫోన్ మోగింది. ఆ నంబరుకి కంపెనీ ఫోన్ రావచ్చని ఇంగ్లీషులోనే పలకడం అలవాటు చేసుకున్నాను. అలాగే పలికాను.

అవతల ఫ్యాను చప్పుడు, ఎక్కడో కీబోర్డుల చప్పుడు. తర్వాత ఇంటర్వ్యూ చేసినాయన గొంతు, మెల్లగా, ఈసారి నవ్వు లేకుండా అడిగింది.

"ఇప్పుడు మీ కిటికీలోంచి ఏం కనిపిస్తోంది?"

ముసలమ్మ గొంతు, పసిపిల్ల గొంతు, వగలాడి గొంతు, ఎన్ని పలికాను జీవితంలో! ఒక్కటీ రాలేదు. పెదాలు కదిలాయనుకుంటాను. శబ్దం లేదు. ఆ పిల్ల ఎక్కడికి వెళ్ళిపోయేదో ఆ క్షణంలో నేనూ అక్కడికే వెళ్ళాను.

అప్పుడు ఫోన్లో ఇంకో గొంతు వినిపించింది. ఎవరిదో పోల్చుకోలేకపోయాను. కాస్త బొంగురుగా, షేక్‌పేట యాసలో ఇంగ్లీషు.

"ఆంటీ, డోంట్ ఫియర్. ఐ ఓన్లీ టోల్డ్ హిమ్. ఎవ్రీథింగ్ ఐ టోల్డ్."

సాయంత్రం పిల్ల వచ్చింది. మెడలో కార్డు లేదు.

"ఎలా చెప్పావే?"

"తెల్వది ఆంటీ. రేపటి సంది ఫోన్లు ఎత్తాలె అన్నడు. ఆడ మీరు ఉండరు గదా. ఆయన మొకం జూసి ఇంగ్లీషులనే చెప్పుడు షురూ చేసిన. ఆయన నమ్మలే, ఇంకా అడిగిండు, నేను ఇంకా జెప్పిన. తప్పులు మస్తు వచ్చినయ్, అయినా ఆపలే. అర్ధగంట మాట్లాడిన. నీకు మాట్లాడుడు వచ్చు గదా అన్నడు." ఖాళీ మెడ తడుముకుంది. "అని, కార్డు తీసుకున్నడు."

కింది ఇంటావిడ గుమ్మంలోనే నిలబడింది. "నీ నోరు మంచిదే అక్కా. మా బిడ్డ నోట్లకు ఎందుకు దూరింది?" అంది.

మర్నాడు పొద్దున, పెదనాన్న దుకాణానికి బయల్దేరుతూ పిల్ల పైకొచ్చింది, నేను రాసిచ్చిన ప్రశ్నల కాగితాలు తిరిగివ్వడానికి.

"ఉంచుకో. మళ్ళీ మొదలుపెడదాం. ఈసారి..."

"నేర్సుకుంట ఆంటీ. మీ దగ్గర గాదు. మీ దగ్గర కూసుంటే నాకు మీ గొంతే వస్తది."

కొండమీద ఈల మోగింది. కుక్కలు ఆగాయి. ఆ నిశ్శబ్దాన్ని నింపడానికి నేనేదో అనబోయాను. ఆ పిల్ల నాకేసి చూసి, వేలు తన పెదాల మీద పెట్టుకుంది.