కాలరు ముందా, వీపు ముందా

ఆమెను వీధి వీధంతా ఇస్త్రీ అక్క అంటుంది. ఆదివారాలు గ్రంథాలయం వెనక గదిలో చేరి గళ్ళనుడికట్టు నింపే బృందానికీ ఆమె ఇస్త్రీ అక్కే. అసలు పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ గదిలో ఒకటే చట్టం: విప్పి చెప్పనిదే గడి నింపకూడదు. రిటైరైన మాస్టారూ, కాంపౌండరూ జవాబుల్లో దిట్టలే కానీ, అదెలా వచ్చిందో విప్పమంటే నీళ్ళు నమిలేవారు. బట్టలు చుట్టే పాత పేపర్ల మీద గళ్ళు నింపుతూ నేర్చుకున్న ఆమెకు ఆ ఇబ్బంది లేదు.

"వెనక్కి తిరిగిన తీగ, ఒంటికి పైన. రెండక్షరాలు," అని ఓసారి మాస్టారు చదివారు.

"తల! ఆధారం కూడా చొక్కాలాంటిదే మాస్టారూ. ముందు కాలరూ, చేతులూ చూడాలి, అంటే కొసలు. అసలు అర్థం ఏదో ఒక కొసనే ఉంటుంది. ఇక్కడ చివర్న ఉంది: ఒంటికి పైనుండేది. వీపు పని ఆ తర్వాతే. తీగంటే లత. వెనక్కి తిప్పండి."

"నీ ఇల్లు బంగారం కానూ!" అన్నాడు కాంపౌండరు. మాస్టారు నోట్సు రాసుకున్నారు. మూడేళ్ళు రాసుకుంటూనే ఉన్నారు. "పుస్తకం వేద్దాం అమ్మాయ్, మనందరి పేర్లతో," అనేవారు. అచ్చుతప్పు పడకూడదని ఆమె తన పేరు చీటీ మీద గుండ్రంగా రాసిచ్చింది.

పుస్తకం వచ్చింది. ఆవిష్కరణ సభకు ముందురోజు కాంపౌండరు ఒక ప్రతి తెచ్చి ఆమె ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. అట్ట మీద మాస్టారి పేరొక్కటే. కృతజ్ఞతల్లో ప్లీడరున్నాడు, పేపర్ల కొట్టువాడున్నాడు, ఆమె లేదు. మూడో అధ్యాయం 'నా చొక్కా సూత్రం'. ఆమె మాటలే, పొల్లుపోకుండా. ఒక్కచోట తప్ప: 'ఇస్త్రీలో ముందు వీపు, చివర కాలరు' అని ఉంది. జన్మలో ఇస్త్రీపెట్టె పట్టని చెయ్యి రాసిన మాట అది.

"నీకు ముందే తెలుసా అన్నయ్యా?"

"ప్రూఫులు చూసింది నేనే." అతను నేలచూపులు చూశాడు. "ఇస్త్రీ మనిషి పేరు పక్కనుంటే పుస్తకానికి బరువుండదన్నారు. ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను."

మాస్టారు చేసింది దొంగతనం. ఈ ఊరుకోవడం మాత్రం వెన్నుపోటు. చదువు అందరిదీ అని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులకు, పేరు పంచాల్సి వచ్చేసరికి ఎవరి చోటు ఎక్కడో ఠక్కున గుర్తొస్తుంది.

సాయంత్రం మాస్టారు సభకు వేసుకునే తెల్లచొక్కా కోసం వచ్చారు.

"నా పేరేది మాస్టారూ?"

"అందరం కలిసి చేసిందే కదమ్మా. పేర్లదేముంది!"

"ఏమీ లేకపోతే మీదెందుకు వేసుకున్నారు?"

ఆయన బల్ల మీది బట్టల్లో వెతికారు. "చొక్కా అయిందా?"

"మీ ఎదురుగానే చేస్తాను." మూడో అధ్యాయం తెరిచి ముందు పెట్టుకుంది. వీపు అద్దంలా రుద్దింది. తర్వాత కాలరు కోసం చొక్కాను అటూ ఇటూ తిప్పేసరికి వీపంతా నలిగి ముద్దయింది.

"ఇదేం పని అమ్మాయ్!"

"మీ సూత్రమే," అని చొక్కా ఆయన చేతిలో పెట్టింది.

ఆయన వెళ్ళాక, తరవాతి కట్ట చుట్టడానికి తీసిన పేపర్లో ఖాళీ గళ్ళు కనిపించాయి. చూస్తూండగానే రెండు జవాబులు తట్టాయి. విప్పి చెప్పడానికి ఎవరున్నారు? గళ్ళు లోపలికి పోయేలా మడిచి, పురికొస బిగించింది.